పాపిడి లేని కప్పు

నా ఉద్యోగం కప్పుల మీద నీళ్ళు చల్లడం. నవ్వకండి. ఒకప్పుడు ఇల్లయినా కొట్టయినా కప్పు వేశారంటే, దూలాల మీద ఇటుక పేర్చి, దాని మీద సున్నమూ ఇటుక ముక్కలూ కలిపి పరిచి, ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. చెక్క తిరిగి చేతికి ఎగిరొచ్చేదాకా కొట్టాలి. అప్పుడు గట్టిపడ్డట్టు. కొట్టేవాళ్ళ ముందు ఒక మనిషి కుండ పట్టుకుని బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్ళు చల్లుకుంటూ పోవాలి. ఎక్కువ పోస్తే సున్నం కారిపోతుంది, తక్కువ పోస్తే నెర్రెలిస్తుంది. ఆ కుండ మనిషిని నేను.

మొన్న ఎచ్చెర్ల నుంచి చదువుకునే పిల్లలు కొందరు మా రేవులో పాత గిడ్డంగులు చూడ్డానికొచ్చారు. గేటు దగ్గర సర్కారు వారి నీలం బోర్డు చదివారు, ఫొటోలు తీసుకున్నారు. ఒక పిల్ల నా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతూ, ఇది ఇన్నాళ్ళు ఎలా నిలబడింది మామ్మా అని అడిగింది. పాట వల్ల అన్నాను. పాపం, ముసలిదానికి మతి తప్పిందనుకుంది కాబోలు, గ్లాసు బోర్లించి వెళ్ళిపోయింది. అందుకని ఇది చెబుతున్నాను. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప చదువు లేదు. నేను చెబుతుంటే పక్కింటి పంతులమ్మ రాస్తోంది. నా మాట ఉన్నదున్నట్టు రాస్తే అన్నంలో ఇసక పడ్డట్టుంటుందట, కొంచెం ఏరి రాస్తానంది. ఏరుకోమన్నాను. మనుషులు నోరు విప్పి అన్న మాటలు మట్టుకు ముట్టుకోవద్దన్నాను.

మా రేవు సందడి నేను పుట్టేసరికే అయిపోయింది. అంతకు ముందు నీలిమందు, నువ్వులు, గోగునార ఇక్కణ్ణుంచే ఓడలెక్కేవి. తెల్లవాళ్ళ కంపెనీ ఒకటి వరసన నాలుగు గిడ్డంగులు కట్టింది. వాటి పక్కన నార బేళ్ళు బిగించే ప్రెస్సు ఉండేది. పొద్దున ప్రెస్సు కూత వేస్తే ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యి రాజేసేవారని మా అత్త చెప్పేది. రైలు పడ్డాక సరుకంతా రైలెక్కింది. ఓడ రావడం మానేసింది. ప్రెస్సు మూతబడింది. యుద్ధం రోజుల్లో దాని ఇనుము కూడా ఎవరో విప్పి బళ్ళ మీద తోలుకుపోయారు. మిగిలింది గిడ్డంగుల వీధి. గోడల్లో రావి మొక్కలు, లోపల మేకలు, మేకల పక్కన పేకాట.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో మద్రాసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పాత కట్టడాలను కాపాడే ఆఫీసట. అలాంటి ఆఫీసు ఒకటి ఉంటుందని మాకప్పుడే తెలిసింది. అరవాయన. తెలుగు పుస్తకంలోంచి తీసినట్టు మాట్లాడేవాడు. గోడలు తడిమాడు, ఇటుకల్ని వాసన చూశాడు, మేకల్ని బయటికి తోలించాడు. ఈ నాలుగూ సర్కారు కాపుదల కిందికి రావాలన్నాడు. అయితే పైవాళ్ళు ఒక మెలిక పెట్టారు. ముందు ఒక్కదానికి కప్పు వేసి చూడాలి. అది ఒక వానకాలం ఆగితే మిగతావాటికీ పని. ఆగకపోతే నాలుగింటినీ వదిలేసి వేలం పాటలో అమ్మేస్తారు. పైగా పాతదాన్ని పాత పద్ధతిలోనే బాగుచెయ్యాలట, సిమెంటు తగలకూడదట. ఊళ్ళో జనం దేవుడు లేని గుడికి ఉత్సవం చేస్తున్నారని నవ్వారు.

నేను నవ్వలేదు. నా మొగుడు రంగం పోయాడు. రంగూన్‌ని మా వైపు రంగం అంటాం. బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. అక్కడ బాంబులు పడ్డప్పుడు నడిచొచ్చేవాళ్ళతో కలిసి బయల్దేరాడు. అడవి దారిలో జ్వరం తగిలి ఒక చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడని, మళ్ళీ లేవలేదని, ఊరు చేరినవాళ్ళు చెప్పారు. నాకొక ఆడపిల్ల. మా ఆడబిడ్డ ఖరగ్‌పూరు రైలు పనికి వెళ్ళే గుంపులో నా మాట కూడా చెప్పి ఉంచింది. అక్కడ కూలీల పాకల్లోకి పిల్లల్ని రానివ్వరు. నా పిల్లను మా అత్త దగ్గర వదలాలి. మా అత్తకి కళ్ళు ఆనవు. ఈ కప్పు నిలిస్తే మిగతా మూడు కప్పులూ మా ఊరి ఆడవాళ్ళవే, ఏళ్ళ తరబడి పని. పిల్ల నా పక్కలోనే పడుకుంటుంది. నిలవకపోతే ఖరగ్‌పూరు. కట్టడం గొప్పతనమేమిటో నాకప్పుడు తెలియదు. నాకు తెలిసింది ఇంతే.

వేసవి సగం అయిపోయాక పని మొదలైంది. తొలకరి మీదికొస్తోందని మేస్త్రి రెండు గుంపుల్ని పెట్టాడు. ఒకటి మాది. రెండోది ఇచ్ఛాపురం అవతల నుంచి వచ్చిన ఒడియా ఆడవాళ్ళది. వాళ్ళు తూర్పు చివర నుంచి, మేము పడమర చివర నుంచి కొట్టుకుంటూ రావాలి, నడిమిన కలవాలి.

కప్పు కొట్టడానికి పాట కావాలి. పాట లేకపోతే చెక్కలు ఒక్కసారి పడవు, ఒక్కసారి పడకపోతే సున్నం ఒకచోట అణిగి ఇంకోచోట ఉబ్బుతుంది. మా గుంపుకి పాట ఎత్తే ఆవిడను పాటకత్తె అనేవాళ్ళం. భారీ మనిషి, ముక్కుకి నత్తు, గొంతు జున్ను. వాళ్ళ గుంపుకి పాట ఎత్తేది ఒక ముసలామె. వాళ్ళ మాటలో అక్కను అపా అంటారు, అందరూ అపా అంటే మేమూ అపా అన్నాం. పిచికంత మనిషి, బుగ్గలో ఎప్పుడూ పొగాకు. మా పాట వడి పాట. వాళ్ళది ఒక ఊపు ఎక్కువున్న నిదానం పాట. మా పాట వాళ్ళకి పరుగులా ఉంటుంది, వాళ్ళ పాట మాకు జోలలా ఉంటుంది.

కప్పు పాట ముత్తైదువే ఎత్తాలి, అది ఆచారం. ఆ కప్పు కింద కాపరం చేసేవాళ్ళు చల్లగా ఉండాలని. అందుకే నాలాంటిదాని చేతికి చెక్క ఇవ్వరు, కుండ ఇస్తారు. నన్ను చిన్నబుచ్చాలని ఎవరూ ఇవ్వలేదు, ఉప్పు ఏ గూట్లో ఉంటుందో చెప్పినట్టు ఇచ్చారు. ఇచ్చినా నేను పాడేదీ లేదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి గొంతు జీరబోయింది. మా అత్త నన్ను పిలిస్తే నేను పలికినప్పుడల్లా చూరులో కాకులు జవాబు చెప్పేవి. కప్పు మీద నా నోట ఒకటే మాట రావాలి. నీళ్ళు చల్లబోయే ముందు "తడో" అని అరవాలి. అరిస్తే చెక్కలు పైకి లేస్తాయి, నా కాళ్ళు బతుకుతాయి. రెండు గుంపులకీ కుండ మనిషిని నేనొక్కదాన్నే. ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూ తడో తడో అని పగలంతా అరుస్తూనే ఉండేదాన్ని.

రెండు పాటలూ ఒకే కప్పు మీద మొదలయ్యాక ఏం జరుగుతుంది? మాది వినబడాలని మేము, వాళ్ళది వినబడాలని వాళ్ళు. పాటకత్తె గొంతు పెంచితే అపా పొగాకు ఉమ్మేసి రెండింతలు పెంచేది. మేస్త్రికి సంబరం. పంతం మీద పని పరిగెత్తుతోందని చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. చివరికి నడిమికొచ్చాం. అక్కడ వచ్చింది చిక్కు. ఎదుటివాళ్ళ వరసలో మోకాలు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. వాళ్ళ పాటకి మనం కొట్టడమేమిటని మేము, అదే మాట వాళ్ళ భాషలో వాళ్ళు. మధ్యన జానెడు మేర వాళ్ళు కొట్టుకుంటారని మేము వదిలేశాం. మేము కొట్టుకుంటామని వాళ్ళు వదిలేశారు. మేస్త్రి పైపైన చదును చేయించి, సన్న సున్నం పూయించి, రాయితో మెరుగు పెట్టించాడు. కోడిగుడ్డులా ఉంది కప్పు. అందరికీ బెల్లం ముక్క పెట్టాడు.

మొదటి వానకి లోపల ఒకటే గీతన కారింది. గోడ నుంచి గోడకి, తాడు పట్టి గీసినట్టు. రెండు గుంపులమూ లోపల నిలబడి పైకి చూస్తున్నాం. పాటకత్తె అంది, "దువ్వెనెట్టి పాపిడి తీసినట్టున్నాదే."

ఆఫీసరు శ్రీకాకుళంలో మకాం ఉన్నాడు, కబురు తెలిసి వచ్చాడు. కోప్పడలేదు, అదే భయమేసింది. మద్రాసు వెళ్ళే ముందు ఇంకో వాన చూస్తానని, అప్పుడు కూడా కారితే తను చేయగలిగింది ఏమీ ఉండదని మేస్త్రికి చెప్పి, తడిసిన గోడను ఒకసారి చేత్తో తుడిచి వెళ్ళిపోయాడు.

మా ఊరి షావుకారు ఒకాయన ఆ దూలాల మీద కన్నేశాడు. బర్మా టేకు. కొత్తగా ధాన్యం మిల్లు కట్టుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు, ఎండలో పని చేస్తుంటే మాకు మజ్జిగ పంపించేవాడు. కానీ సంతలో ఎద్దుని చూసినట్టు రోజూ వచ్చి ఆ దూలాల్ని చూసేవాడు. ఆ రోజూ వచ్చాడు. "మేస్త్రీ, వానకి దూలం తడవనియ్యకు సుమీ. మరి రేపు మాకు పనికిరావాల గదా," అన్నాడు. మేస్త్రి మొహం సున్నం కొట్టినట్టయింది. నేను ఆ పూట ఇంటికెళ్ళేసరికి మా ఆడబిడ్డ గుమ్మంలో ఉంది. ఖరగ్‌పూరు గుంపు వచ్చే అమావాస్య వెళ్ళాక బయల్దేరుతుందట, పిల్ల బట్టలు మా అత్త పెట్టెలో సర్దమంది.

మర్నాడు మేస్త్రి ఆ పాపిడి పొడుగునా బారెడు వెడల్పు తవ్వించాడు. రెండు అంచులూ తడిపించి, కొత్త సున్నం, ముక్కలు నింపించాడు. ఇక రెండు గుంపుల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు, మోకాలికి మోకాలు తగిలేటట్టు. నడుమ నేను నడిచే సందు. సముద్రం మీద మబ్బు నల్లగా కూర్చుని ఉంది. అది లేచేలోపల ఈ పట్టీ గట్టిపడాలి.

పాటకత్తె ఎత్తింది. అపా కూడా ఎత్తింది. మా చెక్క దిగేటప్పుడు వాళ్ళది లేస్తోంది, వాళ్ళది దిగేటప్పుడు మాది లేస్తోంది. చెక్కా చెక్కా కొట్టుకున్నాయి. మాలో ఒకామె బొటనవేలు నలిగింది. ఆవిడ తిట్టిన తిట్టుకి భాష అక్కర్లేకపోయింది, అవతలివాళ్ళకి చక్కగా అర్థమైంది. వాళ్ళలో ఒకామె చెక్క విసిరేసి లేచింది. మేస్త్రి రెండు చేతులూ ఎత్తేసి పిట్టగోడ మీద కూలబడ్డాడు. పాటలు ఆగిపోయాయి. గాలి ఒక్కటే వినబడుతోంది. ఎండ లేకపోయినా గాలికి సున్నం పైన తోలు కడుతోంది.

నా పని నీళ్ళు. వాళ్ళు కొట్టుకున్నా తిట్టుకున్నా నీళ్ళు పడకపోతే పట్టీ చచ్చిపోతుంది. కుండ ఎత్తి సందులోకి దిగి, "తడో" అని అరిచాను. అలవాటు కదా, అటూ ఇటూ చెక్కలు లేచాయి. విసిరేసినామె కూడా వంగి చెక్క తీసింది. చల్లాను. అన్నీ ఒక్కసారి దిగాయి. ఒక్కసారి లేచినవి ఒక్కసారే దిగుతాయి, అందులో నా తెలివేమీ లేదు. నేను పట్టించుకోనుకూడా లేదు. అపా పట్టించుకుంది. పొగాకు ఒక పక్కకి నెట్టి నా మొహంలోకి చూసింది.

"మళ్ళీ అను," అని తనకొచ్చిన కాస్త తెలుగులో అంది.

మళ్ళీ అన్నాను. దబ్. మళ్ళీ అన్నాను. దబ్. కప్పు మొత్తం కింద ఎవరో గుమ్మెట మోగించినట్టుంది.

అప్పుడు మా వరసలో ఒకామె గొణిగింది, ముండమోసినదాని నోట కప్పు పాట ఎత్తిస్తారా అని. చెక్కలు గాలిలోనే ఆగాయి. నేను కుండ దించేశాను. అందరూ పాటకత్తె వైపు చూశారు. ఆచారం ఆవిడ చేతిలో ఉంది, పాటా ఆవిడదే. నత్తు సవరించుకుని ఆ గొణిగినామెతో అంది కదా,

"ఓసే, ఇది ఎవులి కొంపే? ఇందల ఏ మొగుడూ పెళ్ళాం కాపరం సేస్తారేటి? గోనెల కొట్టుకి ముత్తైదువెందుకే? నువ్వు అనవే, కుండా."

అవతల అపా తల ఊపి, "హఉ," అంది. వాళ్ళ మాటలో సరే అని.

అన్నాను. ఒట్టి తడో తడో అంటే ఎంతసేపని? కొంతసేపటికి నా నోరే ఏదో కలుపుకోవడం మొదలెట్టింది. నాకు పాటలు రావు. కంటికి కనబడింది అంటున్నాను. కింద వీధిలో షావుకారు తల ఎత్తి చూస్తూ నిలబడ్డాడు. ఇంకేం,

షావుకారు వచ్చేడు, తడో
దూలమొకటి సూసేడు, తడో
దూలమేటి సెప్పింది, తడో
ఇంటికెల్లి తొంగోమంది, తడో

మావాళ్ళు నవ్వారు. వాళ్ళలో తెలుగు తెలిసినామె తెలియనివాళ్ళకి చెప్పింది, ఒక దెబ్బ ఆలస్యంగా వాళ్ళూ నవ్వారు. తడో మట్టుకు అందరిదీ. కింద నుంచి షావుకారు, "ఏటే, నన్ను దూలం సేత తిట్టిస్తన్నావు?" అని కేకేశాడు. దాన్ని కూడా పాటలో వేశాను. తరవాత మేస్త్రి చుట్టని వేశాను, ఆఫీసరు కళ్ళజోడుని వేశాను, నా గొంతుకి జవాబు చెప్పే కాకుల్ని వేశాను. జున్ను గొంతు ఆ గాలికి నిలిచేది కాదు, కాకి గొంతు నిలిచింది. మబ్బు లేచి కప్పు మీదికి వచ్చేసరికి చెక్కలు చేతుల్లోకి ఎగిరొస్తున్నాయి. తాటాకులు కప్పి దిగాం. నాకు వారం దాకా మాట పెగల్లేదు. మా అత్త సంతోషించింది.

ఆఫీసరు మంచి వాన చూసుకునే వచ్చాడు. గిడ్డంగిలోకి వచ్చి గొడుగు ముడిచాడు. మేమందరం గోడలకి అంటుకుని నిలబడ్డాం. షావుకారూ వచ్చాడు. ఆఫీసరు పాత గీత ఉన్నచోట నేల మీద, పంట్లాంతోనే, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి మొహం పైకెత్తాడు. పైన వాన కుండపోత. చుక్క తన మొహం మీద పడుతుందేమోనని ఎదురుచూస్తున్నాడు. నేను నా పిల్లని ఎత్తుకుని ఉన్నాను, అది నా మెడ చుట్టూ చేతులు బిగించి ఆయన్నే చూస్తోంది. ఎంతసేపో ఉన్నాడు అలా. తూముల్లోంచి నీళ్ళు బయటికి పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

చివరికి కళ్ళజోడు పెట్టుకుని, పొడిగా ఉన్న మొహం చేత్తో తడుముకుని, "మధ్యభాగం ఏ జట్టు కొట్టినది?" అని అడిగాడు. ఒకరి వెనక ఒకరం నక్కాం. మెచ్చుకుంటాడో తిడతాడో తెలియదు కదా. పాటకత్తే పలికింది.

"మధ్యేటి బాబూ? ఈ కప్పుకి మధ్య నేదు."

ఆయనకి ఏం అర్థమైందో గాని నవ్వాడు. ఆయన నవ్వగా మేము చూడ్డం అదే మొదలు. షావుకారు దూలాల వైపు ఒకసారి చూసుకుని, ఎద్దు బేరం కుదరనివాడిలా కండువా దులుపుకుని, మజ్జిగ పంపిస్తానని వెళ్ళిపోయాడు.

మా ఆడబిడ్డ ఖరగ్‌పూరు వెళ్ళింది. నేను వెళ్ళలేదు. ఆ వానకాలమంతా కప్పు చుక్క కారలేదు, మిగతా మూడింటిలో రెండింటికి కప్పు వేశాం. నాలుగోదాని గోడ ఆ వానలోనే కూలిపోయింది, దాని దూలాలు షావుకారికే దక్కాయి. అన్నీ మన చేతిలో ఉండవు. గిడ్డంగులకి నేనే పాట. ఇళ్ళకి మళ్ళీ పాటకత్తే, నాకు కుండ. నాకేమీ కష్టమనిపించలేదు, ఆచారం ఒక్క వానకి కరిగిపోదు. కానీ కొన్నేళ్ళకి పాటకత్తె సొంతానికి రెండు గదుల ఇల్లు వేసుకుంది. కప్పు కొట్టే రోజున నేను అలవాటుగా కుండ తీసుకోబోతే నా చేతిలోంచి లాక్కుంది. "నా కొంప కురవకూడదు. పాట నువ్వు ఎత్తవే," అంది. ఆ గొణిగినామె కూడా వరసలో ఉంది. చెక్క ఎత్తి నా మాట కోసం చూసింది.

ఇప్పుడు పాటకత్తె లేదు. అపా తన ఊళ్ళో పోయిందని ఎప్పుడో విన్నాను. మీరు పనుల్లోకి వెళ్ళే పిల్లలు, గరివిడి ఫ్యాక్టరీ అయినా ఇంకోటయినా, మీ పక్కన కూర్చునేవాడి పాట మీకు పడదు. పడక్కర్లేదు. వాడిదీ మీదీ కాని కేక ఒకటి ఎక్కడో ఉంటుంది, నీళ్ళ కుండ మనిషి దగ్గరయినా ఉంటుంది. చూసుకోండి.

ఆ చదువుకునే పిల్లలు వెళ్ళిపోయిన మర్నాడు నేను గిడ్డంగికి వెళ్ళాను. కావలివాడు మా వీధి వాడే, నిచ్చెన పట్టుకుని ఎక్కించాడు. నీలం బోర్డులో ఏముందిరా అంటే చదివాడు. కంపెనీ కట్టిందని ఉంది, పాడు చేస్తే శిక్ష అని ఉంది. మంచిదే అన్నాను. చెప్పులు విడిచి పడమర చివర నుంచి నడిచాను, మడమతో తట్టుకుంటూ. నడిమికి వచ్చాననుకున్నచోట ఆగి తట్టాను. ఇంకొంచెం అవతల తట్టాను. వెనక్కి వచ్చి తట్టాను. వంగి అరచేయి ఆనించి అటూ ఇటూ జరిపాను. తూర్పు చివర దాకా ఒకటే మోత, ఒకటే నునుపు.

నేను అలా వంగి తిరుగుతుంటే కింద నుంచి కావలివాడు కేకేశాడు. "ఏటి పారేసుకున్నావే మామ్మా, అలగ ఎతుకుతన్నావు?"

"ఏటీ పోనేదురా," అన్నాను. "అదే సూస్తన్నాను."